మూడో మాత్ర

ఇది ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు. మా అమ్మకి చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా పెదవులు కదిపి చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో ఆ రోజు పేజీ తీస్తే "ఎండ ఎక్కువగా ఉంది" అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఆ రోజు ఒకామె తాను మింగుతున్న మాత్రల పేర్లు రాసిమ్మని నన్ను అడిగింది. మూడు పేర్లు రాయాలి. రెండే రాశాను. మరచిపోయి కాదు.

నాది రిటైరయ్యే వయసు కాదు. ఇంకా ముప్పయి దాటి ఎక్కువ కాలం కాలేదు. పలాస-కాశీబుగ్గలో ఒక మందుల షాపులో ఏడేళ్లు ఫార్మసిస్టుగా పనిచేసి మానేశాను. మళ్లీ ఆ పనిలోకి వెళ్లను కాబట్టి రిటైరైనట్టే లెక్క. మొన్న మా పక్కింటి అమ్మాయి డి.ఫార్మసీలో చేరి, "అక్కా, షాపులో పని ఎలా ఉంటుంది?" అని అడిగింది. "పెద్ద కష్టమేం ఉండదు" అన్నాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు అంతకన్నా మాట రాదు. రాత్రంతా సిగ్గుపడి, మర్నాటి నుంచి ఇది రాయడం మొదలుపెట్టాను. ఆమెలాంటి అమ్మాయిల కోసం.

గోడ మీది ఫ్రేము

మందుల షాపుకి లైసెన్సు కావాలంటే రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలి. ఆ మనిషి కళ్లెదుటే మందు అమ్మాలి. చట్టం అదీ. మా వైపు షాపుల్లో గోడ మీద సర్టిఫికెట్టు ఫ్రేము కట్టి ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. ఆయన టెక్కలిలో పిల్లలకి లెక్కలు చెబుతూనో, ఇచ్ఛాపురంలో సొంత వ్యాపారం చూసుకుంటూనో ఉంటాడు. సర్టిఫికెట్టును అద్దెకిస్తారు, ఇల్లు అద్దెకిచ్చినట్టే. మీరు పాసై బయటికి రాగానే మిమ్మల్ని మొదట అడిగేది మీ సర్టిఫికెట్టునే. మీరు వస్తారా రారా అన్నది తర్వాతి మాట.

మా షాపు యజమాని సింహాద్రి గారు ఆ విషయంలో వేరు. ఎవరు వచ్చినా ఫ్రేము వైపు, నా వైపు చూపించి, "గోడ మీద పేరు, కౌంటరు కాడ మనిషి, మా కాడ రెండూ ఒకటే. బజారంతా తిరిగి సూడండి, ఇంకో కొట్టు సూపించండి" అనేవారు. మొదటి ఏడాది ఆ మాటకి నేను కూడా పొంగిపోయాను. ఆ పేరు ఎవరి కోసం గోడెక్కిందో, రేపు ఏదైనా జరిగితే ఎవరిని నిలబెడుతుందో నాకు తట్టలేదు.

చేరిన వారంలో ఒక లారీ డ్రైవరు వచ్చి యాంటిబయాటిక్ గొట్టం మాత్రలు నాలుగు ఇమ్మన్నాడు. కాలేజీలో చెప్పినట్టు, "డాక్టరు చీటీ ఉందా అండీ?" అని అడిగాను.

"చీటీ ఏటమ్మా, ఇది సినిమా హాలేటి?" అని అతను అంటే వెనకున్నవాళ్లంతా నవ్వారు.

అతను వెళ్లాక సింహాద్రి గారు నెమ్మదిగా అన్నారు: "రూతమ్మా, నువ్వు చీటీ అడిగితే ఆడు పక్క కొట్టుకెల్తాడు. అక్కడ ఫ్రేము ఉన్నాది, సదువుకున్న మనిషి నేడు. ఎవరి సేతి మీదుగా మందు మింగితే ఆడికి మంచిదో నువ్వే సెప్పు."

ఆ ప్రశ్నకి జవాబు లేదనుకున్నాను. ఉంది. "ఎవరి చేతి మీదుగానైనా విషం విషమే" అనాలి. ఆ వాక్యం దొరకడానికి నాకు ఏడేళ్లు పట్టింది. మీకు ఊరికే ఇస్తున్నాను, ఉంచుకోండి.

సెట్టు

పలాసలో జీడి ఫ్యాక్టరీలు సాయంత్రం విడిచిపెట్టగానే మా కౌంటరు ముందు ఆడవాళ్లు గుమిగూడేవారు. పొద్దున్నుంచీ ఒకే చోట కూర్చుని జీడిపిక్కలు కొట్టిన నడుములు, జీడి సొన అంటి నల్లబడి తోలు లేచిన వేళ్లు. ఎవరూ మందు పేరు అడిగేవారు కాదు. "సెట్టు ఇయ్యండి" అనేవారు.

సెట్టు అంటే మూడు మాత్రలు. ఒకటి డైక్లోఫెనాక్, నొప్పికి. ఒకటి రానిటిడిన్, కడుపులో మంట రాకుండా. మూడోది గోరంత తెల్ల మాత్ర, డెక్సామిథాసోన్ అనే స్టెరాయిడ్. డాక్టరు రాస్తే తప్ప ఇవ్వకూడనిది, ఇచ్చినా కొద్ది రోజులే ఇవ్వవలసినది, అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపకూడనిది. మధ్యాహ్నం బేరం పలచబడ్డాక నా పని ఈ సెట్లు కట్టడం. షీట్లని కత్తెరతో ముక్కలు చేసి, మూడు ముక్కలు ఒక చిన్న కాగితం కవరులో వేసి, డబ్బాలో పేర్చాలి. మాత్ర మీద పేరు, తయారీ, గడువు తేదీ, బ్యాచి నంబరు, చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక, ఇవన్నీ ఉండాలని చట్టం ఎంతో శ్రద్ధగా రాసింది. కత్తెర ఒక్కసారి ఆడిస్తే అవన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. కవరు మీద నేను బాల్‌పెన్నుతో సూర్యుణ్ణో చంద్రుణ్ణో గీసేదాన్ని, పొద్దుటిదో రాత్రిదో తెలియడానికి. ఏడేళ్ల పాటు నా చదువు ఉపయోగపడింది ఆ బొమ్మలకే.

దాలమ్మ అలా వచ్చేవాళ్లలో ఒకామె. నలభై ఏళ్లుంటాయి. అక్కుపల్లి దగ్గర ఉద్దానం కొబ్బరితోటల్లోని ఊరు, అక్కడి నుంచి తోటి ఆడవాళ్లతో ఆటోలో పనికి వచ్చేది. మిగతావాళ్లు నన్ను "మందులమ్మాయి" అనేవారు. ఆమె ఒక్కతే పేరడిగి తెలుసుకుంది.

"ఓలమ్మ, సూరీణ్ణి ఎంత బాగా గీసినావే రూతమ్మా! పెద్దది ఒకటి గీసియ్యి, మా ఇంటికి తీసుకెల్తాను. వానల్లో పిడకలెండడం నేదు."

నాకు నవ్వొచ్చినా పైకి నవ్వలేక తల దించుకున్నాను. "ఈ పిల్లకి నవ్వడానిక్కూడా డాట్రు సీటీ గావాలేటో" అని ఆమె పక్కావిడతో అంది. ఆ రోజు నుంచి ఆమెను పిన్నీ అని పిలిచాను.

రెండేళ్లలో దాలమ్మ ముఖం గుండ్రంగా నిండింది. "ఏటే, నీ మొగుడు రోజూ కోడి కోత్తన్నాడేటే?" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. "కోడి కాదే, రూతమ్మ మాత్రలు" అనేది ఆమె. కౌంటరు కింద అట్ట వేసి దాచుకున్న నా ఫార్మకాలజీ పుస్తకంలో అచ్చం అలాంటి ముఖం బొమ్మ ఉంది. దాని కింద కారణం కూడా రాసి ఉంది, స్టెరాయిడ్ అని. ఆ రాత్రి పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి ఆ పేజీ మళ్లీ చదివాను. మర్నాడు మళ్లీ సెట్లు కట్టాను.

ఉద్దానం మాట మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే పిల్లల సంగతి అడిగినట్టే "క్రియాటిన్ ఎంతొచ్చినాది?" అని కిడ్నీ పరీక్ష సంగతి అడుగుతారు. ఇంటికొకరికి కిడ్నీలు పోతున్నాయి. నీళ్ల వల్లో, నేల వల్లో, ఎండలో పని వల్లో అప్పట్లో ఎవరూ తేల్చి చెప్పలేదు. అది నాకూ తెలియదు. కానీ నొప్పి మాత్ర రోజూ మింగితే కిడ్నీలు చెడతాయన్నది తెలియక ఇచ్చింది కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

ఒకసారి ధైర్యం చేసి సింహాద్రి గారితో, "ఉద్దానం వాళ్లకైనా సెట్టు ఇవ్వడం మానేద్దామండీ" అన్నాను.

"మానేత్తే రేపు పిక్కలెవరు కొడతారు? నువ్వు కొడతావేటి?" అన్నారు. తర్వాత డబ్బాలోంచి ఒక కవరు తీసి, చించి, మూడు మాత్రలూ తన నోట్లోనే వేసుకుని నీళ్లు తాగారు. ఆయనకి మోకాళ్ల నొప్పి. "ఇదిగో, నాను మింగడం నేదా? ఏటయ్యింది నాకు?"

చెడ్డ యజమాని దగ్గర పనిచేస్తే ద్వేషించి ఊరుకోవచ్చు. తాను అమ్మేది తానే నమ్మి మింగే మనిషిని ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇన్‌స్పెక్షన్

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ రైలు దిగాడన్న కబురు ఆయన స్టేషను దాటకముందే బజారు చేరేది. ఫ్రేముండి మనిషి లేని షాపుల షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దిగేవి. ఒకసారి ఎదుటి షాపాయన తాళం వేస్తూ, "సింహాద్రి బావా, ఎవరైనా అడిగితే మా మేనత్త పోయిందని సెప్పు" అని కేకేశాడు. "మొన్న కూడా పోయింది కదరా" అన్నారు ఈయన. "ఆవిడి పెద్దత్త. ఈవిడి సిన్నత్త."

మేము తీసే ఉంచేవాళ్లం, నేనున్నాను కదా. ఆసారి ఇన్‌స్పెక్టర్ ఫ్రేము చూశాడు, నన్ను చూశాడు. ఫ్రిజ్ తెరిచి చూశాడు. నిద్రమాత్రలు, మత్తు కలిసిన దగ్గు మందు పెట్టే అరకి తాళం ఉందో లేదో చూసి, ఒక్కొక్క షీటూ రిజిస్టరుతో సరిచూసుకున్నాడు. చీటీల రిజిస్టరు తిప్పాడు. చీటీ లేకుండా అమ్మిన ప్రతి మందుకీ అందులో ఎవరో ఒక డాక్టరు పేరు, ఎవరో ఒక రోగి పేరు నేనే వేసేదాన్ని. మా ఊళ్లో ఒక డాక్టరు గారు కాలం చేశాక కూడా మా రిజిస్టరులో రెండేళ్లు ప్రాక్టీసు చేశారు. ఇన్‌స్పెక్టర్ అంతా చూసి, "మీ దస్తూరీ బాగుందమ్మా" అన్నాడు.

సెట్ల డబ్బా ఆయన మోచేతి పక్కనే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన నింపాల్సిన ఫారంలో కాగితం కవర్లకి గడి లేదు, అంతే.

అదే వారంలో సుమ్మాదేవి ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. భర్తకి దవడ క్యాన్సరు, రాత్రీ పగలూ అరుస్తున్నాడని చెప్పింది. ఆమె దగ్గర అసలైన డాక్టరు రాసిన అసలైన చీటీ ఉంది. మార్ఫిన్. దానికి వేరే లైసెన్సులు కావాలి, చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేవు, తెప్పిస్తే కేసులవుతాయన్న భయం. లేదని చెప్పి పంపేశాం. నా ఏడేళ్ల ఉద్యోగాన్ని ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను: చీటీ ఉన్న మందు మా దగ్గర లేదు, చీటీ లేని మందు డబ్బా నిండా ఉంది. చట్టం అంటే మాకు భయం లేకపోలేదు. ఎక్కడ అక్కర్లేదో అక్కడ ఉండేది.

రాసిమ్మన్న రోజు

సెట్టు మొదలుపెట్టిన మూడో ఏడు దాలమ్మ కాళ్లు వాచాయి. భర్త ఆమెను రైల్లో విశాఖపట్నం తీసుకెళ్లాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయని, కానీ పూర్తిగా పోలేదని, జాగ్రత్తపడితే చాలా కాలం నెట్టుకురావచ్చని అక్కడి డాక్టరు చెప్పాడు. ఇన్నాళ్లూ ఏం మాత్రలు మింగావని అడిగితే ఆమె, "ఒకటి పసుపుది, ఒకటి పెద్దది, ఒకటి సిన్నది" అందట. పేర్లు రాయించుకురమ్మని పంపాడు.

ఆమె మధ్యాహ్నం ఒంటరిగా వచ్చింది. ఒక కాగితం మడత విప్పి కౌంటరు మీద పెట్టింది. తెల్ల కాగితం. ఏ పిల్లల నోటుపుస్తకంలోంచో చింపింది.

"రూతమ్మా, ఆ మాత్రల పేర్లు రాసియ్యమ్మా. నాను సెప్తే డాట్రు బాబు నవ్వుతన్నాడు."

సింహాద్రి గారు లోపలి నుంచి విన్నారు. ఏదో వెతుకుతున్నట్టు నన్ను వెనక గదిలోకి పిలిచారు.

"రాయి. నొప్పిది రాయి, గ్యాసుది రాయి. ఆ రెండూ ఎవరైనా అమ్ముతారు. సిన్నది రాయకు."

"అది ముఖ్యమండీ. అది ఉన్నట్టుండి ఆపితే..."

"ఆ డాట్రు ఊరుకుంటాడేటి? ఎవరిచ్చారని అడుగుతాడు. కంప్లయింట్ రాత్తాడు. నాకేటి, కొట్టు మూసుకుని కొబ్బరికాయల యాపారం పెట్టుకుంటాను. గోడ మీదున్నది నీ పేరు. ఇంక ఈ జన్మలో ఏ కొట్లోనూ నిన్ను నిలబెట్టరు." ఆయన కోపంగా అనలేదు. కూతురికి చెప్పినట్టే చెప్పారు.

నాన్న లేడు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. అది నిజమే. కానీ అప్పుడు అవేవీ నేను ఆలోచించలేదని కూడా నిజం చెప్పాలి. ఎవరో తెలియని డాక్టరు విశాఖలో కూర్చుని నా పేరు పైకి చదవడం నాకు వినిపించింది, అంతే.

కౌంటరు దగ్గరకి వచ్చి మొదటి వరసలో డైక్లోఫెనాక్ అని, రెండో వరసలో రానిటిడిన్ అని రాశాను. దస్తూరీ బాగానే వచ్చింది. దాలమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆమెకి చదువు రాదు. కాసేపు నా ముఖంలోకి కూడా చూసింది. తర్వాత మడిచి రవికెలో పెట్టుకుని, "నీకు పున్నెముంటాదమ్మా" అని వెళ్లింది.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా

డాక్టరు ఆ రెండు పేర్లు చదివి సెట్టు మొత్తం ఆ రోజు నుంచే ఆపమన్నాడు. కాగితంలో ఉన్నదాన్ని బట్టి ఆయన చేసింది సరైన పని. మూడేళ్లు రోజూ స్టెరాయిడ్ మింగిన ఒళ్లు తన సొంత హార్మోను తయారుచేసుకోవడం మానేస్తుంది. మందు కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలి. ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలిపోతుంది. ఇది నా పుస్తకంలో ఉంది. నేను ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత కూడా గీసుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం ఫ్యాక్టరీ ఆడవాళ్లు సెట్ల కోసం వచ్చినప్పుడు ఒకావిడ అంది: "దాలమ్మ లెగనేకపోతందమ్మా. గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవడం నేదు. కిడ్నీలు పోయినట్టున్నాయి."

కిడ్నీలు కావని నాకు ఆ క్షణమే తెలుసు. కౌంటరు మీదే టెలిఫోను ఉంది. విశాఖ డాక్టరు నంబరు వాళ్ల ఇంట్లో అడిగిస్తే దొరికేది. నేను ఆవిడకి సెట్టు ఇచ్చి, కవరు మీద చంద్రుణ్ణి గీశాను. శుక్రవారం విన్నాను, ఆదివారం వెళ్లాను. మధ్యలో ఒక శనివారం ఉంది. ఆ శనివారం నేను షాపులో చీటీల రిజిస్టరు నింపుతూ గడిపాను. పనిలో తప్పులు అందరం చేస్తాం. ఒక మందు బదులు ఇంకొకటి ఇవ్వడం, గడువు దాటింది చూసుకోకపోవడం. అవి తప్పులు. నేను చేసింది వాటికి మించినది. దానికి చట్టంలో పేరు నాకు కనపడలేదు.

ఆదివారం చర్చికి వెళ్లకుండా అక్కుపల్లి బస్సెక్కాను. దారిలో ఒళ్లో కాగితం పెట్టుకుని రాశాను: మాత్ర పేరు, రోజుకి ఎంత, మూడేళ్లుగా, ఉన్నట్టుండి ఆపారు. కింద సంతకం పెట్టలేదు.

నేను చేరేసరికి ఆమెను టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వాకిట్లో ఆటో ఆగి ఉంది. వెనక సీటులో చుట్టిన దుప్పటికి ఆనించి కూర్చోబెట్టారు. గుండ్రటి ముఖం బూడిదరంగుకి వచ్చింది. ఆమె భర్తకి కాగితం ఇచ్చాను. "బాబాయ్, వెళ్లగానే డాక్టరుకి ఇది చూపించండి. ముందు ఇది చూపించండి" అన్నాను. ఇదేమిటని ఆయన అడగలేదు. చొక్కా జేబులో పెట్టుకుని నీళ్ల సీసా తేవడానికి ఇంట్లోకి వెళ్లాడు.

జరిగింది ముందు చెప్పేస్తాను. దాలమ్మ ఆ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. కాగితాల్లో కిడ్నీ జబ్బు అని రాశారు. ఉద్దానం మనిషికి అది తప్ప ఇంకేం రాస్తారు? అంతమందిని చంపుతున్న ఆ జబ్బు నన్ను మాత్రం కాపాడింది. నెల తర్వాత ఆమె భర్త షాపుకి వచ్చాడు. "ఆ కాయితం సూసి డాట్రు బాబు, ఇది ముందే ఎందుకు సెప్పలేదని అరిసినాడమ్మా. మాకేటి తెల్సు? నువ్వు అంత దూరం పడొచ్చి సెప్పినావు, ఆలీసం అయిపోనాది గానీ" అని రెండు చేతులూ జోడించాడు. సింహాద్రి గారు తల తిప్పుకున్నారు. నేను ఆ నెలాఖరుకి మానేశాను. గోడ మీదికి వారంలో ఇంకో ఫ్రేము వచ్చింది. మనిషి రాలేదని విన్నాను.

మీరు ఈ పనిలో చేరండి. వద్దనడానికి నాకు అర్హత లేదు, పైగా ఆ కౌంటరు వెనక చదువుకున్న మనిషి ఉండాలి. కాకపోతే మొదటి వారంలోనే కాదనండి. రెండో ఏడు అనలేరు. నాలాగా నోరు లేనివాళ్లయితే కాగితం మీదైనా పూర్తిగా రాయండి.

ఆ ఆదివారం, భర్త నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు, దాలమ్మ వేళ్లు కదిపి నన్ను దగ్గరకి పిలిచింది. ఆటోలోకి వంగాను. గొంతు సన్నగా వచ్చింది, మధ్యలో రెండుసార్లు ఆగింది.

"మూడు మింగీదాన్నని నాకు తెల్దేటమ్మా? నువ్వు రెండు వరసలే రాసినావు. డాట్రు బాబు, ఇంతేనా, ఇంకేటైనా ఉన్నాయా అని అడిగినాడు. ఇంతే బాబూ అన్నాను. నీ ఉజ్జోగం పోతాదేటోనని."